ఆది కుర్చీ

మొన్న భద్రాచలంలో, కొత్తగా కట్టిన ఒక హోటల్ ముందుగదిలో, నలుగురూ చూస్తుండగా నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక కుర్చీ వెనక గొంతుక్కూర్చున్నాను. మా ఆడపడుచు మొక్కు తీర్చుకోవాలంటే తోడు వెళ్లాను. ఆమె గది తాళంచెవి కోసం కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, చూడబోతే పంతులమ్మలా ఉన్న మనిషి, వచ్చీ రాగానే కుర్చీ కాళ్ల దగ్గర చేరడం చూసి కౌంటర్‌లో అమ్మాయి కంగారుపడింది.

"ఏమన్న పడిపోయిందా మేడం?"

"లేదమ్మా. ఊరికే చూస్తున్న."

"ఏంది వదినా, లే. అందరు మననే చూస్తున్నరు," అంది మా ఆడపడుచు పళ్లు కొరుకుతూ.

చూస్తే చూడనీ అనుకున్నాను. ఈ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక మనిషి నుంచి అంటుకున్నది. ఆమె పోయి ఏడాది దాటింది. ఉంటే నాకన్నా ముందే ఆ కుర్చీ వెనక చేరేది, మా ఆడపడుచును కూడా పక్కన కూర్చోబెట్టుకునేది.

కొత్తగూడెంలో మా క్వార్టర్ పక్క క్వార్టర్ ఆమెది. బొగ్గుగనుల కంపెనీ దవాఖానాలో ఆయాగా చేసేది. నేను పెద్దమ్మా అనేదాన్ని. బజార్లో సగం మంది మాత్రం కుర్చీలమ్మ అనేవాళ్లు. పోచమ్మ, ముత్యాలమ్మ వరసలో ఆ పేరు వినబడగానే ఆమెకు ఒళ్లు మండేది. "వారం వారం చర్చికి పొయ్యేదాన్ని పట్టుకొని దేవతను చేసిండ్రు. రేపు నా ముందల కోడిని గూడ కోస్తరు," అని తిట్టేది. ఆ పేరుతో పిలిస్తే పలకడం మాత్రం మానలేదు.

ఇంతా చేసి ఆమెకు ఉన్నది ఒకటే కుర్చీ. టేకు చెక్కది. అప్పుడే పుట్టిన దూడ నిలబడినట్టు నాలుగు కాళ్లూ ఎడంగా చాపుకుని, నేలకు దగ్గరగా ఉండేది. కేన్ అల్లిన సీటూ వీపూ వెనక్కి వాలి ఉండేవి. చేతులు వెడల్పుగా ఉండేవి, చాయ్ గ్లాసు పెడితే ఒలికేది కాదు. నెమలి లేదు, లత లేదు, ఎక్కడా పిసరంత నగిషీ లేదు. మా నాన్న మొదటిసారి చూసి, "ఇదేంది, సగం చేసి ఇడిసిపెట్టిండ్రా?" అన్నాడు. కూర్చున్నాక భోజనానికి పిలిచేదాకా లేవలేదు.

ఆ కుర్చీ కంపెనీ గెస్ట్‌హౌస్‌ది. బొంబాయి నుంచి వచ్చిందనేవాళ్లు. దాని బొమ్మ ఎక్కడో సముద్రాల అవతల, పెద్ద యుద్ధం అయిపోయాక, తక్కువ చెక్కతో సుఖంగా కూర్చోవడం ఎలా అని ఆలోచించిన వాళ్లెవరో గీశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెద్దమ్మ భర్త ఆ గెస్ట్‌హౌస్‌లో బేరర్. ఫోమ్ సోఫాలు వచ్చి పాత కుర్చీలు తీసేసిన రోజుల్లో ఆయన అడిగి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగేళ్లు తిరక్కుండానే కామెర్లతో పోయాడు. నేనప్పుడు చిన్నపిల్లను. నాకు ఆయన మొహం గుర్తులేదు.

ఆ కుర్చీకి కుడివైపు వెనక కాలు మీద, పైభాగాన, మూడు వేళ్ల వెడల్పున ఇత్తడి పట్టీ ఉండేది. తక్కిన మూడు కాళ్లకూ లేదు.

దర్జీకి కొత్త జాకెట్టు కుట్టడానికిస్తే పక్కన ఆది జాకెట్టు పెట్టి ఇస్తాం కదా, ఆ కుర్చీ మా చుట్టుపక్కల ఊళ్లకు ఆది కుర్చీ అయింది. అది ఎలా మొదలైందంటే, క్వార్టర్ కిటికీ బాగుచేయడానికి చండ్రుగొండ నుంచి ఒక వడ్రంగి వచ్చాడు. కిటికీ వదిలేసి ఆ కుర్చీ చుట్టూ తిరిగాడు. కల్లూరులో ఒక పెద్దరైతు, గెస్ట్‌హౌస్‌లో ఎప్పుడో చూసిన కుర్చీలాంటివి కావాలని అతని ప్రాణం తీస్తున్నాడట. "వారం ఇయ్యమ్మా, చూసుకొని పంపిస్త," అన్నాడు. పట్టీ మీద వేలు పెట్టి, "ఇదెందుకమ్మా?" అని అడిగాడు.

"కంపెనీ కుర్చీకి గట్లనే ఉంటది," అంది పెద్దమ్మ.

అతను ఆదిలో ఉన్నది ఉన్నట్టు చేసే రకం. నాలుగు కుర్చీలు చేశాడు, నాలుగింటికీ కుడివైపు వెనక కాలికి ఇత్తడి పట్టీ వేశాడు. అవి చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి వియ్యంకులు చేయించుకున్నారు. కేన్ దొరక్కపోతే నవారు అల్లారు, నవారు చిరిగితే ప్లాస్టిక్ వైరు అల్లారు. కొందరు చేతులు ఇంకాస్త వెడల్పు పెట్టించి వాటి మీదే అన్నం పళ్లెం పెట్టుకున్నారు. ఏది మార్చినా పట్టీ జోలికి ఎవరూ పోలేదు. వేరే వడ్రంగులు కూడా ఆమె గుమ్మం ముందుకు వచ్చి కుర్చీ అడిగేవాళ్లు. అది బస్సు టాపు మీద, ట్రాక్టర్ ట్రాలీలో, చివరికి ఆటోలో ఊళ్లు తిరిగి వచ్చేది. ఇచ్చేటప్పుడు ఆమె చెప్పే మాట ఒకటే. "చెయ్యి మీద ఎవల్ని కూసోనియ్యొద్దు."

ఈ ఒక్క విషయంలో ఆమెది మహా చాదస్తం. సీటులో ఎవరు ఎలా కూర్చున్నా ఊరుకునేది. కుర్చీ చేతి మీద ఒకరు, సీటులో ఒకరు కనబడితే మాత్రం ఇంతెత్తున లేచేది. మా ఇంట్లో మేం చేయించుకున్న కుర్చీలోనైనా సరే, నేనూ మా అన్నయ్యా అలా దొరికిపోతే గోడ అవతల నుంచే కేకలు పెట్టేది. "చెయ్యున్నది చెయ్యి పెట్టుకోనీకి! కూసోనీకి కాదు!" నా పెళ్లయిన కొత్తలో మా ఆయన సరదాగా అలా కూర్చోబోతే, కొత్తల్లుడని కూడా చూడకుండా చెయ్యి పట్టి లేపింది. ఆయన ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు.

ఆమె మాత్రం ఆ కుర్చీలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన చాప పరుచుకుని, మోచేయి సీటు మీద ఆన్చి కూర్చునేది. కూరగాయలు తరిగినా, బైబిల్ చదివినా అలాగే. "నీ కుర్చీల నువ్వు కూసోవేంది పెద్దమ్మా?" అని అడిగితే, "ఒక్కసారి కూసున్న. సాలు," అనేది.

ఎవరింటికి వెళ్లినా ఆమె తీరు ఒకటే. చెప్పులు విడిచి, ఎదురొచ్చిన మనిషిని దాటుకుని నేరుగా కుర్చీ వెనక్కి పోయేది. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గొంతుక్కూర్చుని, పట్టీ మీద బొటనవేలు పెట్టి రాసేది. ఆ తర్వాతే లేచి, "అందరు బాగున్నరా?" అనేది. "మనిషిని ముందునుంచి చూడాలె, కుర్చీని ఎనుకనుంచి చూడాలె," అని దానికో సామెత కూడా తయారుచేసుకుంది. పట్టీ నల్లబడితే ఊరుకునేది కాదు. ఆ ఇంటావిడ చేత చింతపండు తెప్పించి తనే తోమేది. దాంతో ఆడవాళ్లకు అదొక ఆనవాయితీ అయింది. పండగకు ఇత్తడి సామాను తోమినప్పుడు పట్టీ కూడా తోమేవాళ్లు. చండ్రుగొండలో ఒకావిడ దసరాకు దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. అది ఉంటే ఇంటి మీద పిడుగు పడదని ఆవిడ నమ్మకం.

కల్లూరు పెద్దరైతుది వేరే లెక్క. వాళ్లది కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. "మనిషన్నవాడు కుడిపక్కకే ఒరుగుతాడండీ. బరువంతా ఆ కాలి మీదే పడుద్ది. గీసినోడు బుర్రున్నోడు," అని వచ్చినవాళ్లందరికీ వివరించేవాడు. చర్చిలో పాస్టర్‌గారు కూర్చునే కుర్చీకి కూడా పట్టీ ఉండేది కాబట్టి ఒక ఆదివారం ఆయన దాని మీద ప్రసంగమే చేశాడు. బలహీనమైన కాలికి దేవుడు కట్టు కడతాడన్నాడు. నేను ఆ రోజు సరదాకు ఆమెతో వెళ్లాను. పెద్దమ్మ ముసుగు ముందుకు లాక్కుని తల వంచుకుంది. ప్రార్థిస్తోందనుకున్నాను, భుజాలు కదులుతుంటే చూశాను, నవ్వుతోంది. ఎవరు ఏ కారణం చెప్పినా ఆమె జవాబు, "అవ్, అంతే."

ఆ కుర్చీల వల్ల మా మనుషులు కూర్చునే పద్ధతే మారిపోయిందని నేనంటాను. అంతకుముందు కుర్చీలో కూర్చోవడమంటే కొయ్యలా నిటారుగా కూర్చోవడమే. ఇవి వచ్చాక రైతులు వెనక్కి ఒరిగి మాట్లాడటం నేర్చుకున్నారు. ఆడవాళ్లు పనయ్యాక వరండాలో ఒరిగి కళ్లు మూసుకోవడం నేర్చుకున్నారు. గట్టు తగాదాలు వచ్చినప్పుడు పెద్దమనుషులను వీటిలోనే కూర్చోబెట్టాలని పెద్దమ్మ సలహా ఇచ్చేది. "ఇండ్ల కూసున్నోనికి కోపమొచ్చినా జల్దీ లేవరాదు. లేచేటాలకు కోపం సగం పోతది," అనేది. అది మాత్రం నిజం, మా ఇంట్లోనే చాలాసార్లు చూశాను.

ఆమె పోవడానికి కొన్ని నెలల ముందు ఒక సాయంత్రం ఆమె దగ్గరే ఉన్నాను. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. బడి అయ్యాక నేను రోజూ కాసేపు వెళ్లేదాన్ని. ఆ రోజు చండ్రుగొండ వడ్రంగి కొడుకు వచ్చాడు. తండ్రి పోయాక పని అతనే చూసుకుంటున్నాడు, కొత్తగూడెంలో వర్క్‌షాప్ పెట్టాడు. నలభై దాటిన మనిషి, చాయ్ ఇస్తే తాగకుండా గ్లాసు తిప్పుతున్నాడు. చివరికి ఫోన్ తీసి పెద్దమ్మ మొహం ముందు పెట్టాడు. అందులో అచ్చం ఆ కుర్చీ ఉంది.

"భద్రాచలంల హోటల్ కడుతున్నరు పెద్దమ్మా. కుర్చీలు నాకే ఇచ్చిండ్రు. గీ ఫొటో పంపి, గిట్లనే కావాలన్నరు. మిడ్ సెంచరీ మోడల్ అంట."

"అంటె ఏంది?"

"యాభై, అరవైలల్ల మోడల్ అన్నట్టు."

"అయితె మా పెండ్లి మోడల్," అంది పెద్దమ్మ. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"కాలు చూడు పెద్దమ్మా. పట్టీ లేదు. ఎన్ని ఫొటోలు చూసినా ఏ కుర్చీకీ లేదు. నీ కుర్చీకున్నది అతుకు. కాలు పలిగితే ఎవలో ఏసిన అతుకు. మా నాయన, నేను ఇన్నేండ్లు అతుకును నకలు కొట్టినం. తెలిసినోళ్లు నవ్వరా?" అతని గొంతు మారింది. "ఇగ పట్టీ బంద్ చేస్తున్న. హోటలోళ్లకే కాదు, ఎవలకూ ఎయ్య. నీకు చెప్పి చేద్దామని వచ్చిన."

పెద్దమ్మ మోచేయి సీటు మీదే ఉంది. చెయ్యి వెనక్కి పోయి పట్టీని పట్టుకుంది. దవాఖానాలో ఎన్ని చావులు చూసిందో, డాక్టర్లనే దబాయించే మనిషి, ఆమె ఎవరినైనా బతిమాలడం అప్పుడే విన్నాను.

"బంద్ చెయ్యకు కొడుకా."

"ఎందుకు పెద్దమ్మా? అతుకని నీకు తెల్వదా?"

"తెల్సు. నా ముందలనే పలిగింది."

ఆమె మా వైపు చూడకుండా, గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

"పెండ్లయి నెల గాలె. వానకాలం, గెస్ట్‌హౌస్‌ల దొరలెవలు లేరు. ఆయనకు సద్ది పట్టుకొని పోయిన. గీ కుర్చీలు చూసి, ఇండ్ల కూసుంటె ఎట్లుంటదో అన్న. కూసో, ఎవలు చూస్తరు, అన్నడు. కూసున్న. ఎవలో ఒళ్లె కూసోబెట్టుకున్నట్టుండె. నువ్వు గూడ రా అన్న. ఇద్దరం పట్టం గద, ఆయన చెయ్యి మీద కూసుండు. ఏందో చెప్పిండు, నవ్వుకుంట ఎనుకకు ఒరిగినం. టప్పుమన్నది."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఎనుక కాలు నిలువున పలిగింది. కొలువు పోతదని ఆయన మొఖం పాలిపోయింది. మా అమ్మ నాకు పెట్టిన ఇత్తడి చెంబు ఇచ్చిన. దాన్ని కోసి, సాపు చేసి పట్టీ ఏసిండు. చింతపండుతోని తోమి తోమి మెరిపించిండు. దొరలు వచ్చి చూసిండ్రు. ఒక్కలు ఇదేందని అడగలె, కుర్చీకి మొదటినుంచే ఉన్నదనుకున్నరు. మీ నాయన అడిగితె నేను గూడ గదే చెప్పిన. ఏమని చెప్పాలె మరి? కొత్త పెండ్లాము మొగడు దొరల కుర్చీల కూసున్నరని చెప్పాల్నా?"

మూసిన తలుపు ముందు చెప్పుల జతలు చూసినట్టు సిగ్గేసింది నాకు. ఆమె మాత్రం నన్ను చూసి కసిరింది. "ఏందే గట్ల చూస్తవ్? పెండ్లయినోళ్లమే గద." తర్వాత అతని వైపు తిరిగింది.

"ఆయనది ఫొటో లేదు కొడుకా. పెండ్లికి గూడ దిగలె. సమాధి మీద చెక్క శిలువ పెడితె చెదలు తిన్నది. పిల్లలు గాలె. కల్లూరు పోతె ఆయన పట్టీ, చండ్రుగొండ పోతె ఆయన పట్టీ. ఏ ఇంటికి పోయినా ముందల ఆయన్ను చూసి, అటెంక మనుషులను చూసిన. ఇన్నేండ్లు గట్లనే బతికిన. నువ్వు బంద్ చేస్తె, ఆ పాత కుర్చీలు పోయిన్నాడు ఆయన గూడ పోతడు."

అతను ఫోన్‌లో ఫొటో మళ్లీ చూసుకున్నాడు. "ఫొటోల లేనిది ఎట్ల ఏద్దును పెద్దమ్మా? హోటలోళ్లకు మాటిచ్చిన," అన్నాడు చివరికి. నాకు అతని మీద కోపం వచ్చింది. అతనన్నదాంట్లో తప్పు లేదని తెలిసీ వచ్చింది.

"సరే కొడుకా. ఇచ్చిన మాట తప్పొద్దు," అంది పెద్దమ్మ. మోకాళ్లు పట్టుకుని లేచి, చల్లారిన చాయ్ మళ్లీ వేడి చేసి తెచ్చింది. అతను కొలతల కోసం కుర్చీ కావాలని నేల చూస్తూ అడిగాడు. ఆమె తనే గుమ్మందాకా మోసుకొచ్చి ఆటోలో పెట్టించింది. "చెయ్యి మీద ఎవల్ని..." అని అలవాటుగా మొదలుపెట్టి, నా వైపు చూసి, ఆ మాట మింగేసి నవ్వేసింది.

కుర్చీ తిరిగి రాకముందే ఆమె పోయింది. దవాఖానాలో మూడు రోజులు మాత్రమే ఉంది, చివరిదాకా నర్సులకు పని చెబుతూనే ఉంది. శవాన్ని ఇంటికి తెచ్చిన ఉదయం వడ్రంగి కొడుకు ఆటోలో కుర్చీ తీసుకుని వచ్చాడు. ఆమె తల పక్కన పెట్టి, గోడ వారకు పోయి నిలబడ్డాడు. ఇల్లు నిండా మనుషులు, కూర్చోవడానికి జాగా లేదు. అయినా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. నేను చింతపండు నానబెట్టి తెచ్చి పట్టీ తోమాను. ఏడవడం చేతకాలేదు, అదే చేతనైంది. తర్వాత కుర్చీ అతని వర్క్‌షాప్‌కే పోయింది. హోటల్ కుర్చీలు ఎలా చేశావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

అందుకే మొన్న ఆ హోటల్‌లో అడుగు పెట్టి, ఎడంగా చాపిన ఆ కాళ్లు చూడగానే నన్ను నేను పట్టుకోలేకపోయాను. వెనక చేరి చూశాను. కుడివైపు వెనక కాలు నున్నగా, శుభ్రంగా, ఫొటోలో ఉన్నట్టే ఉంది. పట్టీ లేదు. పక్క కుర్చీ చూశాను. దానికీ లేదు. ఇక లేద్దామని, మోకాళ్లు సహకరించక, ఆ కాలినే లోపలి వైపు చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

వేళ్లకు చల్లగా తగిలింది.

వంగి సీటు కిందికి తల పెట్టాను. కాలికి లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట, చెక్కలోకి తొలిచి కూర్చోబెట్టిన ఇత్తడి. వేలెడు వెడల్పు. బయటి నుంచి ఎవరూ కనిపెట్టలేరు, హోటల్‌వాళ్ల ఫొటోకూ దీనికీ తేడా లేదు. పాకుతున్నట్టే పక్క కుర్చీ దగ్గరికి పోయి చెయ్యి పెట్టాను. ఉంది. దాని పక్కదానికీ ఉంది. కౌంటర్‌లో అమ్మాయి ఈసారి ఏమీ అడగలేదు. నేను ఏడుస్తున్నానని చూసి నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టింది.

కళ్లు తుడుచుకుని లేచేసరికి కొత్త జంట ఒకటి లోపలికి వచ్చింది. పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. దర్శనం లైన్లో నిలబడి వచ్చినట్టున్నారు, పిల్ల అలసిపోయి నేను వదిలిన కుర్చీలోనే వాలిపోయింది. చుట్టూ అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లవాడు అటూ ఇటూ చూసి, పోయి ఆమె కుర్చీ చేతి మీద కూర్చున్నాడు. ఏదో చెప్పాడు. ఆ పిల్ల నవ్వుతూ వెనక్కి ఒరిగింది. కుర్చీ కిర్రుమంది.

మా ఆడపడుచుకు ఏళ్ల తరబడి మా ఇంట్లో విన్న మాట నోటికి వచ్చేసింది. "బాబూ, చెయ్యి మీద కూసోకు, ఇరుగుతది."

పిల్లవాడు సిగ్గుపడి లేవబోయాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టాను.

"కూసో నాయనా," అన్నాను. "ఇరిగితె పట్టీ ఏస్తరు."